ఆటబొమ్మల కామిక్స్: గేటు దగ్గర అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మా ఇంటి వరండాలో ఒక పాత ఇనుప అల్మారా ఉంది. ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా చుట్టుపక్కల పిల్లలు వచ్చి కామిక్స్ తీసుకెళ్తారు, మళ్లీ ఆదివారం తెచ్చి పెడతారు (అందరూ కాదనుకోండి). వాటిలో సగానికి పైగా ఆటబొమ్మల మీద వచ్చినవే: లెగో, ట్రాన్స్‌ఫార్మర్స్, హీ-మ్యాన్, బార్బీ. పిల్లలకు ఏ సందేహమూ ఉండదు. బండి స్టాండు వేయకుండా గేటు దగ్గర ఆగే పెద్దవాళ్లకే ఉంటాయి, అవి కూడా వారం వారం అవే. అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను. వరుసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

బొమ్మల కామిక్స్ అంటున్నారు, అన్ని కామిక్సూ బొమ్మలవే కదా?

ఈ తికమక మన భాష తెచ్చిపెట్టింది. తెలుగులో గీసిందీ బొమ్మే, ఆడుకునేదీ బొమ్మే, టాకీసులో ఆడిందీ బొమ్మే. ఇక్కడ నేను చెప్పేది ఆడుకునే బొమ్మ గురించి. ముందు బొమ్మను తయారు చేసి, అమ్మడం కోసం దానికి ఒక పేరు, ఒక ఊరు, ఒక శత్రువు కల్పించి రాయించిన కథలివి. ఛోటా భీమ్ దీనికి తిరగబడ్డ దారిలో వచ్చాడు. 2008లో హైదరాబాద్‌కు చెందిన గ్రీన్ గోల్డ్ వాళ్ల టీవీ కథగా మొదలై, తర్వాత స్కూల్ బ్యాగుల మీదికీ బొమ్మల్లోకీ ఎక్కాడు. ట్రాన్స్‌ఫార్మర్స్ అలా కాదు. జపాన్ కంపెనీ టకారా తయారు చేస్తున్న రోబో బొమ్మలను అమెరికా బొమ్మల కంపెనీ హాస్బ్రో 1984లో తమ మార్కెట్‌కు తెచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్స్ కథ మాత్రం అప్పుడు కొత్తగా అల్లిందే. అమెరికాలో కామిక్స్ వేసే మార్వెల్ వాళ్లు కూర్చుని కథ అల్లారు, చాలా పాత్రలకు బాబ్ బుడియాన్‌స్కీ పేర్లు పెట్టాడు. నాలుగు సంచికలతో ముగించేద్దామనుకున్న కామిక్ 1991 దాకా 80 సంచికలు నడిచింది. చివరి సంచిక అట్ట మీద "నాలుగు సంచికల సిరీస్‌లో 80వది" అని వాళ్ల మీద వాళ్లే జోకు వేసుకున్నారు.

ఇది కథల పుస్తకమా, లేక డబ్బులిచ్చి మనం కొనుక్కునే ప్రకటనా?

రెండూ. దీన్ని దాచిపెట్టడం అనవసరం. 1982లో హాస్బ్రో జి.ఐ. జో సైనికుల బొమ్మలను మూడు ముప్పావు అంగుళాల సైజులో మళ్లీ తెచ్చింది. అప్పట్లో అమెరికా టీవీలో బొమ్మల ప్రకటనలో యానిమేషన్ ఎంతసేపు వాడొచ్చో గట్టి పరిమితి ఉండేది. కామిక్ పుస్తకం ప్రకటనకు ఆ పరిమితి లేదు. దాంతో వాళ్లు కామిక్ కోసం టీవీలో పూర్తి యానిమేషన్ ప్రకటన వేశారు. పేరు పుస్తకానిది, పిల్లల కళ్లు బొమ్మల మీద! మార్వెల్‌కు ఉచితంగా టీవీ ప్రచారం, హాస్బ్రోకు అమ్మకాలు. తెలివైన వ్యాపారమే, ఒప్పుకోవాలి.

అయినా నేను అల్మారాలో ఎందుకు పెడతానంటే, పిల్లలకు ఈ సంగతి చెప్పేస్తే చాలా త్వరగా పట్టేస్తారు. "ఈ పేజీ కథ కోసమా, బొమ్మ అమ్మడానికా?" అని అడిగితే మూడో తరగతి పిల్ల కూడా వేలు పెట్టి చూపిస్తుంది. కొత్త బండి ఒకటి కారణం లేకుండా ఊడిపడి, దాని పేరు మూడుసార్లు వినిపిస్తే అది అమ్మకం పేజీ.

కంపెనీ చెప్పినట్టు రాసే కథలో పస ఏముంటుంది?

చాలావాటిలో ఉండదు. కొన్నిట్లో ఉంటుంది, ఆ కొన్నే నన్ను ఈ పనిలోకి లాగాయి.

రోమ్ అనే బొమ్మ సంగతి వినండి. 1979లో పార్కర్ బ్రదర్స్ అనే బోర్డు ఆటల కంపెనీ తొలిసారి ఒక రోబో యోధుడి బొమ్మ చేసింది. అమ్ముడుపోలేదు, ఆపేశారు. ప్రచారం కోసం మొదలైన కామిక్ మాత్రం 1986 దాకా 75 సంచికలు నడిచింది. బొమ్మ దుకాణాల నుంచి మాయమయ్యాక కూడా పిల్లలు ఏళ్ల తరబడి డబ్బు పెట్టి కొన్నారంటే, వాళ్లు కొన్నది కథనే. తన లోకాన్ని కాపాడడానికి ఒంటి మీది మనిషితనం వదులుకుని లోహపు తొడుగులో ఇరుక్కుపోయినవాడి కథ అది. రాసింది బిల్ మాంట్లో. అంతకు కొంచెం ముందు ఇదే మాంట్లో, పండక్కి తన కొడుకు మైక్రోనాట్స్ బొమ్మల పెట్టె విప్పుతుంటే చూసి, వీటికి కథ రాస్తానని మార్వెల్ వాళ్ల వెంటపడి హక్కులు కొనిపించాడు.

జి.ఐ. జో రాసిన లారీ హామా వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసినవాడు. బొమ్మ డబ్బా వెనక అచ్చేసే పరిచయ కార్డులు కూడా ఆయనే రాసేవాడు: అసలు పేరు, పుట్టిన ఊరు, ఏ పని వచ్చు. నాలుగంగుళాలు లేని ప్లాస్టిక్ మనిషికి సొంత ఊరు ఉండాలని ఆయనకు తోచింది చూడండి, నాకు అక్కడ నమ్మకం కుదిరింది.

నేను కొత్త కామిక్ చూసేటప్పుడు ఒకటే పరీక్ష పెడతాను. బొమ్మ పేరు వేలితో మూసి చదివితే ఇంకా కథ మిగిలిందా?

ఏ వయసు నుంచి ఇవ్వొచ్చు?

లెగో, మై లిటిల్ పోనీ లాంటివి ఆరేడేళ్లకు, పక్కన ఒకరు కూర్చుంటే. 1980ల నాటి జి.ఐ. జో, ట్రాన్స్‌ఫార్మర్స్ కామిక్స్‌లో యుద్ధం, చావులు ఉంటాయి. పదేళ్లు దాటాక ఇవ్వండి. అట్ట మీద రంగులు చూసి మోసపోవద్దు.

మాకు ఇద్దరూ ఆడపిల్లలే. ఇవన్నీ మగపిల్లలవి కదా?

అల్మారాలో ట్రాన్స్‌ఫార్మర్స్‌ను ఎక్కువ నలిపింది ఇద్దరు అక్కాచెల్లెళ్లే. అది పక్కన పెడితే, ఆడపిల్లల కోసమని అమ్మిన బొమ్మల కామిక్సూ తక్కువేం కాదు. బార్బీ బొమ్మ 1959లో వచ్చింది, మార్వెల్ 1991లో దాని మీద కామిక్స్ మొదలుపెట్టింది. మై లిటిల్ పోనీ కామిక్స్ ఐడీడబ్ల్యూ అనే సంస్థ 2012 నుంచి వేసింది. వాటిలో హాస్యం బాగుంటుంది, పెద్దవాళ్లకు కూడా నవ్వొస్తుంది. పోనీలు మగపిల్లలూ తీసుకెళ్తారు, కాకపోతే సంచిలో అడుగున పెట్టుకుని.

## కొనేటప్పుడు

వరంగల్‌లో ఎక్కడ దొరుకుతాయి?

నిజం చెప్పాలంటే కష్టం. హనుమకొండ చౌరస్తా చుట్టూ, వరంగల్ వైపూ పుస్తకాల దుకాణాలు ఉన్నాయి గానీ నేను వెళ్లినప్పుడల్లా గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలే ముందు వరుసలో ఉంటాయి. ఒక్కోసారి బొమ్మల దుకాణంలో అడుగు అరలో ఒకటో రెండో కామిక్స్ దొరుకుతాయి, అడిగి వెతికించుకోవాలి. నా అల్మారాలోవి ఎక్కువగా హైదరాబాద్‌వి. ఆదివారం కాజీపేటలో పొద్దున్నే రైలెక్కితే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వాళ్లు సర్దుకునే వేళకు చేరొచ్చు. డిసెంబరు ప్రాంతంలో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో కూడా పాత కామిక్స్ స్టాళ్లు చూడండి. ఆన్‌లైన్‌లో కొత్తవి సులువు, అయితే రేటు ఒక్కో సైట్‌లో ఒక్కోలా ఉంటుంది, రెండు మూడు చోట్ల చూసి కొనండి. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. బిల్లులో ఎవరైనా పుస్తకం మీద పన్ను వేస్తే అడగండి.

తెలుగులో ఉన్నాయా అక్కా?

నా దగ్గరున్నవన్నీ ఇంగ్లీషువే. పెద్ద కంపెనీలు హక్కులిచ్చి తెలుగులో వేయించాలంటే లెక్క గిట్టాలి, అది వాళ్లకు గిట్టినట్టు లేదు. తెలుగే కావాలంటే పాత చందమామలు, తెలుగు అమర్ చిత్ర కథలు ఇవ్వగలను. అవి ఆటబొమ్మల కథలు కావు గానీ పిల్లలు తేడా పెద్దగా పట్టించుకోరు.

పత్రికతో పాటు చిన్న బొమ్మ ఉచితం అని ఉంది. తీసుకోవచ్చా?

ఉచితం కాదు, ధరలో కలిపే ఉంటుంది. తప్పేం లేదు, తెలిసి కొంటే చాలు. హీ-మ్యాన్ బొమ్మలు 1982లో వచ్చినప్పుడు దీనికి తలకిందులుగా చేశారు: బొమ్మ కొంటే ప్యాకెట్‌లో అరచేతిలో పట్టే కామిక్ ఉండేది. రెండు సంగతులు చూసుకోండి. మొదటిది, ప్యాకెట్ విప్పి మళ్లీ అంటించారేమో. రెండోది, ఇంట్లో మూడేళ్ల లోపు పాకే పిల్లలుంటే చిన్న ముక్కలు నోట్లోకి పోతాయి. బొమ్మను విడిగా కొంటున్నట్టయితే ఐఎస్ఐ గుర్తు చూడండి. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి.

పాత సంచికలు కట్టగా, "పూర్తి సెట్" అని అమ్ముతున్నారు. నమ్మొచ్చా?

నేను నమ్మి దెబ్బతిన్నాను. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర పన్నెండు సంచికల సెట్ తెప్పించాను. లెక్కకు పన్నెండే వచ్చాయి, కానీ అయిదోది రెండుసార్లు ఉంది, ఏడోది లేదు. అంతకన్నా బాధ ఏమిటంటే మూడు సంచికల్లో ఎప్పుడో ఏ పిల్లవాడో కూపన్ కత్తిరించుకున్నాడు. కూపన్ వెనక పేజీలో కథ ఉంటుంది కదా, అది కూడా పోయింది. సరిగ్గా శత్రువు ముసుగు తీసే చోట కిటికీ! ఇప్పుడు అందులోంచి అవతలి పేజీలోని లారీ చక్రం కనిపిస్తుంది. మా పిల్లలు ఆ శత్రువుకు "చక్రం మొహంవాడు" అని పేరు పెట్టేశారు. ఇప్పుడు కొనే ముందు అన్ని అట్టల ఫొటో, ప్రకటన పేజీల ఫొటో అడుగుతున్నాను. పంపనంటే కొనను.

బొమ్మ కొనకుండా కామిక్ ఒక్కటే కొనిస్తే ఏడుపు లంకించుకోడా?

మొదటి వారం అడుగుతాడు. కొనిస్తానని గానీ కొననని గానీ అనకుండా, "ఈ కథలో ఎవరి బొమ్మ కావాలి, ఎందుకు?" అని అడిగి ఒక కాగితం మీద రాయించండి. నెల తర్వాత ఆ కాగితం తీస్తే పేరు మారిపోయి ఉంటుంది. మారకపోతే, అప్పుడు కొనివ్వండి, నిజంగానే కావాలన్నమాట. ఐనవోలు జాతరకు ఎలాగూ వెళ్తాం కదా, అక్కడి బొమ్మల దుకాణాల్లో కొన్న ఏ ప్లాస్టిక్ మనిషినైనా కథలో పాత్రగా పెట్టుకునే పిల్లలు నాకు తెలుసు. పెట్టె మీది పేరు పెద్దవాళ్లకు ముఖ్యం అయినంతగా వాళ్లకు కాదు.

## చదివేటప్పుడు

నాకే ఇంగ్లీషు అంతంత మాత్రం. పిల్లకెలా చదివి చెప్పేది?

చదవకండి, చెప్పండి. మన దగ్గర ఈ విద్య పాతదే. చేర్యాల నకాశీ చిత్రకారులు గీసిన పటం పొడవుగా చుట్టి ఉంటుంది. కథ చెప్పేవాళ్లు దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, గడి గడినీ పుల్లతో చూపిస్తూ చెబుతారు. ఎర్రటి నేల మీద వరుసగా గళ్లు, గడిలో ఒక ఘట్టం. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఒక్క అక్షరం చదవక్కర్లేదు. కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవాళ్లయితే ఏకంగా రంగులేసిన బొమ్మలే ముందు పెట్టుకుంటారు. బొమ్మా కథా కలిపి చూపించడం బయటివాళ్లు కనిపెట్టిందేం కాదు. తేడా ఒక్కటే, ఇక్కడ కథ కోసం బొమ్మ చేశారు, అక్కడ బొమ్మ కోసం కథ చేశారు.

కాబట్టి మీరూ వేలితో చూపిస్తూ తెలుగులో చెప్పేయండి. ముందు మాటలు మూసి, పేజీ అంతా బొమ్మలే చూసి, "ఏం జరిగినట్టుంది?" అని పిల్లనే అడగండి. జి.ఐ. జో 21వ సంచిక 1984లో వచ్చింది, మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక్క సంభాషణ లేదు. అయినా అందరికీ అర్థమైంది. బడిలో ఇంగ్లీషు టెన్షన్ ఉన్న పిల్లలకు నేను అలాంటివే ముందిస్తాను.

శబ్దాల మాటలు ఎలా చెప్పాలి? "బూమ్", "క్రాష్" అంటుంటే విసుగు.

అక్కడే మన భాష గెలుస్తుంది. తలుపు ధడాల్న, కుండ భళ్లున, కొమ్మ ఫెళ్లున, నీళ్లు బుడుంగున, చక్రం గిర్రున, చెంప ఛెళ్లున. దేనికది వేరే మాట. ఇంగ్లీషు కామిక్‌లో ఒకే "క్రాష్" ఉన్నచోట ఏది విరిగిందో చూసి మాట మార్చాలి, పిల్లలకిది పెద్ద ఆట. మా దగ్గర ఒక పిల్లవాడు పెన్సిల్‌తో కామిక్ మీదే "దబ్బున" అని రాసేశాడు. తిట్టబోయి ఆగిపోయాను, సరిగ్గా రాశాడు.

అన్నీ కొట్లాటలే. వీడు చెల్లెలి మీద ప్రయోగిస్తున్నాడు.

చెల్లెల్ని కొడితే పుస్తకం వారం రోజులు అల్మారాలోనే ఉంటుందని చెప్పండి, ఇది మా దగ్గర పనిచేసింది. ఏదో ఒకటి నిర్మించే కథలు కూడా ఉన్నాయి, లెగోవి అలాంటివే ఎక్కువ: విరిగిన వంతెన, చేయాల్సిన బండి. డెన్మార్క్‌లో ఆ కంపెనీ పేరే "బాగా ఆడు" అనే అర్థమొచ్చే రెండు డేనిష్ మాటల నుంచి పుట్టింది. అయినా లెగోలోనే నింజాగో అనే కథల్లో నింజా వీరులు కత్తులు తిప్పుతూనే ఉంటారు, ఆ సంగతి ముందే చెబుతున్నాను.

టీవీలో ఒక కథ, పుస్తకంలో ఇంకో కథ. ఏది నిజమని అడుగుతున్నాడు. ఏం చెప్పను?

రెండూ అని చెప్పండి. హీ-మ్యాన్ మొదటి చిన్న కామిక్స్‌లో రాకుమారుడు కాదు, అడవి తెగలోంచి ఒంటరిగా బయల్దేరిన వీరుడు. రాజభవనం, ఆడమ్ అనే రాకుమారుడు డీసీ కామిక్స్‌తో వచ్చాయి, 1983 కార్టూన్‌తో స్థిరపడ్డాయి. ఒకే బొమ్మకు వేర్వేరు చోట్ల వేర్వేరు మనుషులు రాస్తే ఇలాగే ఉంటుంది. మల్లన్న కథ మీ అమ్మమ్మ చెప్పినట్టే ఒగ్గు కథలో చెబుతారా? ఇంట్లో ఎవరూ దాని గురించి గొడవపడరు కదా. కొందరు పిల్లలకు తేడాలు వెతకడమే కథ కన్నా ఇష్టం. వాళ్లకు ఒక నోటుబుక్ ఇచ్చి, ఎడమ పేజీలో కార్టూన్, కుడి పేజీలో కామిక్ అని రాసుకోమనండి.

## చదివేశాక

సొంతంగా కామిక్ చేస్తానంటోంది. ఎలా మొదలుపెట్టాలి?

ఒక ఎ4 కాగితం చాలు. మూడుసార్లు సగానికి సగం మడిచి విప్పితే ఎనిమిది గళ్లొస్తాయి. పొట్టి అంచులు రెండూ కలిసేలా ఒక్క మడత వేసి, మడత వైపు నుంచి మధ్య గీత వెంట ఒక గడి లోతు కత్తిరించండి. విప్పి, పొడవుగా మడిచి, రెండు చివర్లూ లోపలికి నెడితే జిగురూ పిన్నూ అక్కర్లేని ఎనిమిది పేజీల పుస్తకం. ఇందులో అట్టలు పోతే కథకు ఆరు పేజీలు.

గీయడం రాదని భయపడేవాళ్లు బొమ్మల్నే నిలబెట్టి ఫోన్‌తో ఫొటోలు తీసి, ప్రింట్ అంటించి, మాటల బుడగలు పైన కాగితం ముక్కలతో పెట్టొచ్చు. కెమెరాను నేలకు ఆనించి తీయండి, మూడంగుళాల బొమ్మ ఖిలా వరంగల్ తోరణమంత కనిపిస్తుంది. పోయిన వేసవిలో వచ్చిన వాటిలో నాకు నచ్చింది ఒక నిర్మల్ కొయ్య జింక కథ. షోకేసులో దుమ్ము పట్టి, కారు బొమ్మను అడిగి లిఫ్ట్ తీసుకుని నిర్మల్ వెళ్లి తన చెట్టును వెతుక్కుంటుంది. ఆ బొమ్మలు చేసేది పొనికి కర్రతో అని ఆ పిల్ల ఎవరినో అడిగి తెలుసుకుందట. చివరి పేజీలో చెట్టు "నువ్వు నా కొమ్మవా?" అంటుంది. ఒక కంపెనీ అచ్చేసిన కామిక్‌లో నాకు ఈ మధ్య అంత మంచి మాట దొరకలేదు.

వాడు చేసిన దాంట్లో లెగో మనుషులున్నారు. కేసు పెడతారా?

ఇంట్లో చేసుకుని స్నేహితులకు చూపిస్తే ఎవరూ రారు. అమ్మడం మొదలుపెడితే వేరే సంగతి: పేర్లు, పాత్రల రూపాలు కంపెనీ హక్కులు, అనుమతి కావాలి. బడి ఎగ్జిబిషన్‌లో డబ్బులకు పెట్టాలనుకుంటే సొంత పేర్లున్న సొంత బొమ్మలతో చేయించండి.

వానాకాలంలో పేజీలు ఉబ్బుతున్నాయి, చెదలు కూడా. ఏం చేయాలి?

గోడకు ఆనించొద్దు, నేల మీద పెట్టొద్దు. ఇనుప బీరువాలో నిలబెట్టి, ఎండిన వేపాకు గుడ్డలో కట్టి మూలన పెట్టండి, పదిహేను రోజులకోసారి విప్పి గాలి తగలనివ్వండి. కలరా ఉండలు పిల్లలు చేయిపెట్టే అరలో వద్దు, మిఠాయి అనుకుంటారు. తుప్పు పట్టిన పిన్నులు మెల్లగా తీసేసి దారంతో కుట్టండి. లామినేషన్ చేయించకండి, ఒకసారి చేస్తే ఇక తీయలేం.

దాచిపెడితే ముందుముందు రేటు వస్తుందా?

రాదనే అనుకోండి. ధర పలికేవి విప్పనివి, నలగనివి, మొదటి ముద్రణలు. పిల్లలు చదివిన కామిక్ ఆ మూడింట్లో ఏదీ కాదు.

మా వాడు పన్నెండేళ్లవాడయ్యాడు, ఇక వద్దంటున్నాడు. మీకు ఇచ్చేయొచ్చా?

సంతోషంగా తీసుకుంటాను. అట్ట లేకపోయినా పర్లేదు, నడుమ పేజీలు పోయినా పర్లేదు, పేరు రాసి ఉంటే ఇంకా మంచిది. బొమ్మలు మాత్రం వద్దు, చోటు లేదు అని చెబుతుంటాను. అయినా ఎవరో ఒకరు వదిలేసి వెళ్తారు. అల్మారా కింద అట్టపెట్టె నిండా చేయి విరిగినవి, తల లేనివి ఉన్నాయి. కామిక్ మార్చుకోవడానికి వచ్చినవాళ్లు ముందు ఆ పెట్టె దగ్గరే కూర్చుంటున్నారు. ఆదివారం పదకొండు దాటాక తెండి, అప్పటికి రద్దీ కొంచెం తగ్గుతుంది.